మెకానిక్ మీద నేను మోపిన ఐదు అభియోగాలు

ఒకటి. అక్టోబరు 24, గురువారం. నా భార్యతో కలిసి ప్రయాణిస్తుండగా, హయత్‌నగర్ దాటిన తరువాత కారు ఆగిపోయింది. మెకానిక్ షెడ్డుకు లాగించి బాగుచేశాడు. కారణం అడిగితే "ఏం లేదు సార్, చిన్న వైరు" అన్నాడు. ఆ వైరు ఎందుకు పాడైందో చెప్పలేదు.

రెండు. నవంబరు 14, గురువారం. అదే దారిలో రెండవసారి ఆగింది. బాగుచేసి ఇచ్చిన కారు ఇంజన్ పక్కన, ఘాటుగా పొగాకు వాసన కొట్టే గుడ్డమూట ఒకటి వదిలిపెట్టాడు.

మూడు. నవంబరు 16, శనివారం. ఆ మూట చూపించి సంజాయిషీ అడిగితే, "ఉండనియ్యున్రి సార్, మంచిదే" అని నవ్వాడు. ఇంటికి వచ్చి మూటను నేనే తీసి పారవేశాను.

నాలుగు. నవంబరు 28, గురువారం. కారు మూడవసారి ఆగింది. షెడ్డులో ఇద్దరు పరాయివాళ్ళ ఎదుట, "పూజ బయట బయట చేసుకోండ్రి సార్, లోపలెందుకు" అని నా దైవకార్యంలో జోక్యం చేసుకున్నాడు.

ఐదు. నవంబరు 30, శనివారం. కారు ఇంటికి తెచ్చి అప్పగిస్తూ, రాత్రిపూట బానెట్ తెరిచి ఉంచమన్నాడు. నడివీధిలో నోరు తెరుచుకున్న కారును చూసి ఇరుగుపొరుగు ఏమనుకుంటారన్న ఆలోచన అతనికి లేదు.

ఈ పట్టిక నా కారు పుస్తకంలోనిది. ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాశాను. ఉద్యోగ జీవితమంతా ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల విభాగంలో గడిపినవాణ్ణి. రాసిన దాన్ని తరువాత దిద్దడం మా విభాగంలో నేరం. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, కింది మాట కనపడేలా ఉంచి, పక్కన సంతకం చేయాలి. ఈ వ్యాసం ఆ గీత, ఆ సంతకం అనుకోవచ్చు.

మేము గోదావరి జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినవాళ్ళం. నా భార్యకు ఒక అక్క ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో కొడుకు ఇంట్లో ఉంటుంది. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఆమె మంచం పట్టింది, మాట పడిపోయింది. ఫోన్ చెవి దగ్గర పెడితే వింటుందో లేదో తెలియదు, తిరిగి ఒక్క మాట రాదు. కనుక ప్రతి గురువారం ఉదయం తొమ్మిదింటికి మేము బయలుదేరుతాము. నా భార్య తన చేతిసంచిలో ఒక చెక్కదువ్వెన పెట్టుకుంటుంది. అక్కడికి వెళ్ళి అక్క తలకు నూనె రాసి, దువ్వి, జడ వేసి, ఊరి సంగతులు తానొక్కతే చెబుతుంది. జడ పూర్తయ్యేసరికి అక్క కుడిచేయి కదిలి చెల్లెలి మోకాలి మీదకు వస్తుంది. వాళ్ళిద్దరి సంభాషణ అంతే. ఆ చేయి కదలిక కోసం మేము వారమంతా ఎదురుచూస్తాము.

నా భార్య మోకాళ్ళకు బస్సు మెట్లు కుదరవు. మెట్రో ఎల్‌బీ నగర్ దగ్గర ఆగిపోతుంది. క్యాబ్ పిలిస్తే, వెళ్ళేటప్పుడు ఒకడు వచ్చినా తిరిగి రావడానికి ఎవడూ రాడు. ఇవన్నీ ప్రయత్నించి, తేదీలతో రాసి, కొట్టివేసిన తరువాత మిగిలింది మా పాత కారు. ఆ కారు నమ్మకంగా నడిస్తేనే అక్కాచెల్లెళ్ళకు గురువారం ఉంటుంది.

ఎల్‌బీ నగర్ కూడలి వెనుక సందులో, రేకుల షెడ్డు కింద ఆ మెకానిక్ పనిచేస్తాడు. ఇబ్రహీంపట్నం వైపు పల్లె అతనిది. వయసు నలభై దాటింది. పద్నాలుగేళ్ళుగా మా కారుకు అతనే వైద్యుడు. అతనితో నాకున్న పేచీ ఒక్కటే. అతను ఏదీ రాయడు. ఏ కారు ఎప్పుడు వచ్చిందో, ఏ భాగం మార్చాడో అంతా తలలోనే ఉంటుంది. మరీ పని ఎక్కువైన రోజున సుద్దముక్కతో గోడ మీద కారు నంబరు రాస్తాడు, పని అయిపోగానే అరచేత్తో తుడిచేస్తాడు. రికార్డును అరచేత్తో తుడిచే మనిషిని నేను పద్నాలుగేళ్ళు ఎలా సహించానో నాకే తెలియదు.

మూడవసారి కారు ఆగిన నాటి సాయంత్రం నా భార్య సంచిలోంచి దువ్వెన తీసి, అద్దం కింది సొరుగులో పెట్టింది.

"ఇక నేను రానండి" అంది. "నా కోసం మీరు లారీల మధ్య చెయ్యి ఊపుతూ నిలబడటం నేను చూడలేను."

"మరి అక్కయ్య?"

"సర్దిచెబుతాలెండి."

"ఎలా చెబుతావు? ఫోన్‌లోనా?"

ఆమె సొరుగు మూసింది. నేను కారు పుస్తకం తీసి నాలుగవ అభియోగం రాసుకున్నాను.

రెండు రోజులకు కారు తిరిగి వచ్చింది, ఐదవ అభియోగంతో సహా. మరుసటి గురువారానికి నా భార్యను ఎలాగో ఒప్పించాను. డిసెంబరు 5 ఉదయం సొరుగులోంచి దువ్వెన తీసి సంచిలో పెట్టుకుని ఆమె కారులో కూర్చుంది. తాళం తిప్పాను. కారు అసలు కదలలేదు. ఆమె ఏమీ అనకుండా దిగి లోపలికి వెళ్ళింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఇక ఆ మనిషిని పిలవను. కాగితం మీద పెట్టగలిగిన ఏ పనినైనా మనిషి నేర్చుకోగలడన్నది నా నమ్మకం. వీడియోలు చూసి పదకొండు పేజీల నోట్సు రాసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పనిముట్ల దుకాణానికి వెళ్ళి, జాబితా ప్రకారం స్పానర్లు, కటింగ్ ప్లయర్, ఇన్సులేషన్ టేపు అడిగాను. దుకాణదారు జాబితాను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"షెడ్డు పెడుతున్నరా సార్?"

"సొంత కారుకే. నేనే చేసుకుంటాను."

"మంచిది సార్. టేపు రెండు తీస్కోండ్రి. గట్లనే ఎల్‌బీ నగర్‌ల ఒక మెకానిక్ ఉన్నడు, నంబరు రాసిస్తనా?"

అక్కర్లేదన్నాను. అతను చెప్పబోయేది ఎవరి నంబరో నాకు తెలుసు.

పని ఐదు రోజులు పట్టింది. ప్రతి వైరుకూ ఒక చిన్న కాగితం ముక్క అంటించి, అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో రాశాను. తీసిన ప్రతి భాగానికీ వరుస సంఖ్య ఇచ్చాను. మూడవ రోజున, బ్యాటరీ వెనుక, తెగిన వైరు దొరికింది. దాని పైతొడుగు మీద వరుసగా సన్నని గాట్లు ఉన్నాయి. కత్తితో నిర్లక్ష్యంగా గీకితే పడే గాట్లలా తోచాయి. ఆరవ అభియోగానికి చిత్తుప్రతి రాశాను. ఆ పక్కనే పసుపురంగు అక్షింతలు నాలుగైదు కనపడ్డాయి. డిసెంబరు ఒకటిన పూజ చేసి వేసినవి. కళ్ళకద్దుకుని వాటిని ఉన్నచోటే ఉంచాను.

ఆ అక్షింతల సంగతి ఇక్కడ చెప్పాలి. దసరా నాడు అందరిలాగే మేమూ వాహనపూజ చేశాము. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాము. నా భార్య నెయ్యి, పసుపు వేసి అక్షింతలు కలిపి ఇచ్చింది. అందరూ వాటిని కారు పైన చల్లుతారు. నేను ఆలోచించాను. ఆయుధపూజ అంటే ఆయుధానికి చేసేది. కారులో ఆయుధం ఇంజన్, పైన ఉన్న రేకు కాదు. కాబట్టి బానెట్ ఎత్తి, ఇంజన్ మీద గుప్పెడు అక్షింతలు చల్లాను. ఆ తరువాత కారు బాగై వచ్చిన ప్రతిసారీ, కీడు తొలగాలని అదే పూజ మళ్ళీ చేశాను. కారు పుస్తకంలో వీటిని రాయలేదు. అవి పూజగదిలో ఉండే వేరే పుస్తకంలోకి వెళతాయి. ఒక విషయాన్ని రెండు దస్త్రాలలో కలపకూడదన్నది మా విభాగం నేర్పిన క్రమశిక్షణ.

వైరును అతికించి, టేపు చుట్టి, అన్నీ వరుస సంఖ్య ప్రకారం బిగించాను. చివరికి ఒక ప్లాస్టిక్ క్లిప్పు మిగిలింది. దానికి నేను సంఖ్య ఇవ్వలేదు. ఎక్కడి నుంచి ఊడిందో తెలియలేదు. తేదీ వేసిన కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నాను. డిసెంబరు 10 మధ్యాహ్నం తాళం తిప్పితే ఇంజన్ అందుకుంది. నా చేతుల కింద ఒక యంత్రం బతకడం అరవై తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. నా భార్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కొంచెంసేపు ఆ శబ్దం విని, "మీరే చేశారా" అంది. ఆ రెండు మాటలకు నేను ఎంత పొంగిపోయానో కారు పుస్తకంలో రాయలేదు. మరునాడు మళ్ళీ పూజ చేశాను. అక్షింతలు కాస్త ఎక్కువే వేశాను.

డిసెంబరు 12, గురువారం, తొమ్మిదింటికి బయలుదేరాము. దువ్వెన సంచిలో ఉంది. కొత్తపేట దాటాము. ఎల్‌బీ నగర్ కూడలికి చేరేసరికి బానెట్ సందుల్లోంచి సన్నటి పొగ వచ్చింది, కారు ఆగింది. విజయవాడ వైపు బస్సుల కోసం సంచులతో నిలబడ్డ జనం మావైపు చూశారు. ఒక ఆటో డ్రైవరు దిగి వచ్చి, నన్ను స్టీరింగ్ దగ్గర ఉండమని, ఇంకొకరితో కలిసి కారును పక్కకు తోశాడు. ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

నా భార్యను లిఫ్టులో పైకి తీసుకువెళ్ళి, ఇంటివైపు మెట్రో ఎక్కించాను. కూర్చున్న తరువాత ఆమె కిటికీలోంచి నన్ను చూసి ఫరవాలేదన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం నాకు కోపంకన్నా కష్టంగా తోచింది. కిందికి దిగి, సందులోకి నడిచి, మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డాను. అతను ఏదో కారు కింద పడుకుని ఉన్నాడు. నా చెప్పులు చూసి గుర్తుపట్టాడు.

"సార్, మళ్లా ఆగిందా?"

"ఈసారి నీ తప్పు కాదు" అన్నాను. "నేనే బాగుచేశాను."

కారును షెడ్డుకు తోసుకువచ్చాము. అతను బానెట్ ఎత్తి, కాగితం ముక్కలు ఒక్కొక్కటి చదివాడు.

"ఏంది సార్ గిది. ఆఫీసుల ఫైళ్ళ లెక్క అన్నిటికి పేర్లు రాసిన్రు."

"తప్పుగా రాశానా?"

"తప్పేం లేదు సార్. జాయింటు గూడ మంచిగనే ఏసిన్రు, నిజంగ చెప్తున్న. గానీ గీ వైరును పైపుకు ఆనకుంట పట్టుకునేటందుకు ఈడ ఒక క్లిప్పు ఉండాలె. అది లేక వైరు వేడి పైపు మీద పడి కరిగింది. ఆ క్లిప్పు ఏడవాయె?"

నేను జేబులోంచి కవరు తీసి ఇచ్చాను. అతను కవరు మీది తేదీ చదివి, లోపలి క్లిప్పు చూసి, తల పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. నాకు కోపం రావలసింది. రాలేదు. పదకొండు పేజీల నోట్సులో లేని ఆ క్లిప్పు స్థానం అతని వేలికి తెలుసు.

తరువాత అతను టార్చి వేసి బ్యాటరీ వెనుక చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. ఒక మెత్తని బ్రష్షు తీసుకుని, అక్కడున్న అక్షింతలను జాగ్రత్తగా కాగితంలోకి ఊడ్చడం మొదలుపెట్టాడు. వాటితోపాటు నల్లటి చిన్న పెంటికలు కూడా వచ్చాయి. వాటిని వేరు చేసి కింద పడేశాడు.

"అవేమిటి?" అన్నాను.

అతను బ్రష్షుతో మూలలు ఊడుస్తూనే ఉన్నాడు.

"నేను అడుగుతున్నాను. కారణం చెప్పు. ఇవాళ చెప్పకుండా నేను ఇక్కడి నుంచి కదలను."

"ఎలుకలు సార్" అన్నాడు. "నెయ్యి కలిపిన బియ్యం గద. ఆ వాసనకు ఒస్తున్నయ్. బియ్యం తిన్నంక ఊకుంటయా, వైర్లు కొరుకుతయ్. మీరు జాయింటు ఏసినదాంతోని కలిపి నాలుగు సార్లు గదే."

నేను బల్ల మీద కూర్చున్నాను. కత్తి గాట్లు అనుకున్నవి పంటి గాట్లు. పొగాకు మూట ఎలుకలు దగ్గరికి రాకుండా పెట్టినది. బానెట్ తెరిచి ఉంచమన్నది, వీధిదీపం వెలుతురు పడితే అవి లోపల ఉండవని. పూజ బయట చేసుకోమన్నది అందుకే. ఐదు అభియోగాలలో నాలుగు, అతను నన్ను కాపాడటానికి చేసిన ప్రయత్నాలు. తారీఖులతో సహా నేనే సాక్ష్యం రాసి పెట్టుకున్నాను.

"ఆ మొదటి రోజునే ఎలుక అని ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎలుక అంటే ఎందుకొచ్చిందని అడుగుతరు సార్. మీరు ఊకునేటోళ్ళు కాదు. అప్పుడు అక్షింతలని చెప్పాలె." అతను బ్రష్షును గుడ్డకు తుడిచాడు. "ఆ దినం అమ్మ ఈ బల్ల మీదనే కూసుంది. మీరు చాయ్ తేనీకి పోయిన్రు. మా అక్క దగ్గరికి క్షేమంగా పోయి రావాలని మొక్కుకుని అక్షింతలు కలిపిన్నయ్యా, అయినా గిట్లయింది అన్నది. నా చేతుల అప్పటికే గవి ఉన్నయ్. అమ్మ మొక్కే వైరు తెంపిందని ఏ నోటితోని చెప్పమంటరు?"

అతను లేచి, షెడ్డు మూలన దేవుడి పటం కింద ఉన్న అరలోంచి మూడు కాగితం పొట్లాలు తెచ్చి నా ముందు పెట్టాడు. మూడింటిలోనూ పసుపు బియ్యం ఉంది.

"తొక్కుళ్ళల్ల పడెయ్య బుద్ధి కాలె సార్" అన్నాడు. "దేవునివి గద."

ఏదీ రాయడని నేను పద్నాలుగేళ్ళు నిందించిన మనిషి దగ్గర, నా తప్పులు మూడు పొట్లాలుగా, వచ్చిన వరుసలోనే భద్రంగా ఉన్నాయి. నాలుగవది అప్పుడే కడుతున్నాడు.

కారును షెడ్డులోనే ఉంచి నేను మెట్రోలో ఇంటికి వచ్చాను. పూజగదిలోని పుస్తకాన్ని, కారు పుస్తకాన్ని బల్ల మీద పక్కపక్కన తెరిచాను. ఒకదానిలో పూజ తేదీ, మరొకదానిలో కారు ఆగిన తేదీ. పూజ, ఆగడం, మరమ్మతు, మళ్ళీ పూజ. అంత పొందికైన వరుస నా ఉద్యోగంలో కూడా ఎప్పుడూ చూడలేదు. రెండు దస్త్రాలను కలపకూడదన్న క్రమశిక్షణే నా కళ్ళకు గంతలు కట్టింది.

నా భార్య మంచినీళ్ళు తెచ్చింది.

"ఏమిటటండీ కారణం?"

చెప్పాలనే వచ్చాను. దారి పొడవునా వాక్యాలు కూర్చుకున్నాను. ఆమె చేతివేళ్ళ అంచుల్లో, నిన్న కలిపిన అక్షింతల పసుపు ఇంకా పోలేదు.

"ఏం లేదు" అన్నాను. "చిన్న వైరు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక, మొదటి అభియోగం మీద గీత గీయడానికి నాకు వేరే విచారణ అవసరం లేకపోయింది.

రెండు రోజులు అలాగే మోశాను. శనివారం కారు వచ్చింది. అలవాటు ప్రకారం ఆమె పళ్ళెంలో అక్షింతలు కలిపి తెచ్చి ఇచ్చింది. నేను బానెట్ ఎత్తలేదు. కొన్ని తీసుకుని ఆమె తల మీద వేశాను.

"ఇదేమిటండీ, పూజ కారుకి కదా" అంది.

అప్పుడు చెప్పాను. ఎలుకల సంగతి, పొట్లాల సంగతి, అతను రెండు నెలలు నా నోటి తిట్లు పడుతూ ఎవరి కోసం ఊరుకున్నాడన్న సంగతి. ఆమె తన తల మీది గింజలు ఒక్కొక్కటి ఏరి పళ్ళెంలో వేస్తూ విన్నది.

"నాతో చెప్పి ఉంటే నెయ్యి వేయకుండా కలిపేదాన్ని కదా" అంది చివరికి. తరువాత వెళ్ళి దువ్వెన ఉన్న సొరుగు తెరిచింది.

నా చేతితో నేను బాగుచేసుకోవడం తప్పని ఇప్పటికీ అనను. ఆ మధ్యాహ్నం ఇంజన్ శబ్దం నాది. ఆ కాగితం ముక్కలను మెకానిక్ తీసివేయలేదు, ఉపయోగపడతాయన్నాడు. కానీ నేను బాగుచేసింది ఒక వైరును. అతను పద్నాలుగేళ్ళుగా చూసుకుంటున్నది ఆ కారులో కూర్చునే ఇద్దరు మనుషులను. అది నా నోట్సులో ఏ పేజీలోనూ లేదు.

అయినా ఒక విషయం మిగిలింది. దానిని నేను వదిలిపెట్టను. కింది లేఖను శుభ్రంగా రాసి, నకలు నా దగ్గర ఉంచుకుని, అసలును షెడ్డులో అతని చేతికి ఇచ్చాను.

"మీపై నేను నమోదు చేసిన ఒకటి నుంచి ఐదు వరకు గల అభియోగాలను, ఆరవదాని చిత్తుప్రతితో సహా, ఇందుమూలముగా ఉపసంహరించుకుంటున్నాను. అయితే, నా పొరపాటు మీకు తెలిసి ఉండి కూడా, నన్ను ఒంటరిగా పక్కకు పిలిచి ముఖాముఖి చెప్పకపోవడం వలన నా భార్య మూడు గురువారాలు దారిలోనే ఆగవలసి వచ్చింది, ఒక గురువారం ఇల్లే కదలలేదు. ఆమె పట్ల మీరు చూపిన దయను గౌరవిస్తూనే, ఈ ఒక్క అంశంపై మీ సమాధానం కోరుతున్నాను. ఇకపై ఈ కారు విషయంలో నేను తప్పు చేసినప్పుడు, నా వయసును గాని, నా కోపాన్ని గాని లెక్కచేయక, ఆ తప్పును నాకు సూటిగా చెబుతారా, చెప్పరా?

సమాధానం లిఖితపూర్వకంగా ఉండాలి. నోటిమాట అంగీకరించబడదు. కాగితం లేనిచో షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసినా చెల్లుతుంది, అయితే నేను చదివేవరకు తుడిచివేయరాదు. వచ్చే గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు, అబ్దుల్లాపూర్‌మెట్ వెళుతూ మేమిద్దరం మీ షెడ్డు ముందు కారు ఆపుతాము. అప్పటికి సమాధానం సిద్ధంగా ఉంచవలసినదిగా కోరడమైనది."